కొత్తాయన ఎడమ చెవి

కొన్ని ముఖాలు ఒక్కసారి చూస్తే చాలు, కలలోకి కూడా వస్తాయి. కొత్తాయనది ఆ రకం కాదు. చూస్తుండగానే మరిచిపోయే ముఖం. కొట్టువాడు సరుకు కట్టి చేతిలో పెట్టి, అటు తిరిగి ఇటు తిరిగేసరికి, "మీకేం కావాలండీ?" అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. బంధువుల పెళ్ళిలో సొంత తోడల్లుడే చేయి కలిపి, "మీరెవరి తరఫండీ?" అన్నాడు. ఒకసారి బస్టాపులో కట్టుకున్న భార్య ఆయన పక్కనే నిలబడి, "ఈ మనిషి ఇంకా ఊడిపడలేదేంటి" అని గొణుక్కుంటూ ఫోను చేసింది. ఫోను ఆవిడ మోచేతి పక్కనే మోగింది. ఆ విషయం ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేదు.

అలాంటి మనిషికి ఆ ముఖం వల్లే ఉద్యోగం దొరికింది.

అంతకుముందు ఆయన చాలా ఏళ్ళు ఒక ఫోటో స్టూడియోలో పనిచేశాడు. ఫోటోలు తీసేది యజమాని. పసిపిల్లల చూపు కెమెరా వైపు తిప్పడం ఈయన పని. గిలక్కాయ ఆడిస్తే పిల్లలు నోరు తెరుస్తారు, చిటికె వేస్తే కళ్ళు మూస్తారు. పాస్‌పోర్టు ఫోటోకి రెండూ పనికిరావు. అందుకని ఆయన ఒక విద్య సాధించాడు: ఎడమ చెవి ఆడిస్తాడు. కుడిది ఆడదు. ముఖంలో ఇంకేదీ కదలదు. ఎడమ చెవి మాత్రం కుందేలు చెవిలా పైకీ కిందికీ ఊగుతుంది. కెమెరా పక్కన నిలబడి ఆయన చెవి ఊపితే, ఎంత పేచీకోరు పిల్లయినా నోరు మూసుకుని, కళ్ళప్పగించి చూసేది. తర్వాత జనం చేతుల్లోకి ఫోన్లొచ్చాయి, ఎవరి పిల్లల ఫోటోలు వాళ్ళే తీసుకున్నారు, స్టూడియో షట్టరు దిగిపోయింది. చెవి మిగిలింది.

ఇక ఉద్యోగం సంగతి. ఒక పిల్లల మానసిక వైద్యశాల ఉంది. కింది అంతస్తులో క్లినిక్కు, పై అంతస్తులో పరిశోధన. పైన ఒక డాక్టరమ్మ ఏళ్ళ తరబడి ఒకే పని మీద కూర్చుంది. జ్వరానికి థర్మామీటరు ఉంది, బరువుకు తూకం ఉంది, మరి చంటిపిల్ల బెంగను దేంతో కొలవాలి? తల్లి కనబడకపోతే పిల్ల ఎంత కంగారుపడుతుంది, తల్లి తిరిగొస్తే ఎంతసేపట్లో ఊరడిల్లుతుంది, ఎవరిని పట్టుకుని ఊరడిల్లుతుంది? వీటికి మార్కులేసే కొలమానం ఒకటి తయారుచేస్తే, నిజంగా సాయం కావలసిన పిల్లల్ని డాక్టర్లు ముందుగానే పోల్చుకోవచ్చని ఆవిడ ఆశ.

దానికొక గది. నేల మీద చాప, కొన్ని బొమ్మలు, రెండు కుర్చీలు. తల్లీపిల్లా ఆడుకుంటూ ఉండగా ఒక కొత్తమనిషి లోపలికొచ్చి ఊరికే కూర్చుంటాడు. కాసేపటికి తల్లి బయటికెళ్తుంది. మూడు నిమిషాలాగి తిరిగొస్తుంది. గోడకు పెద్ద అద్దం ఉంది. ఇటునుంచి చూస్తే అది అద్దం, అటునుంచి చూస్తే కిటికీ. దాని వెనక డాక్టరమ్మ, లెక్కలావిడ కూర్చుని చూస్తారు. లెక్కలావిడంటే, మార్కులన్నీ కంప్యూటర్లో పోసి మోడల్ కట్టే ఆవిడ. ఏ మార్కు దేన్ని చెబుతోందో, ఏది ఉత్త గాలి కబురో తేల్చేది ఆవిడే.

ఆ కొత్తమనిషి పోస్టుకే ఈయన వెళ్ళాడు. డాక్టరమ్మ ఆయన పేరు రాసుకుని, పెన్ను మూత పెట్టి, తలెత్తి, "ఆ, చెప్పండి, ఏం పని మీద వచ్చారు?" అంది. అనేసి నాలుక్కరుచుకుంది. ఇంకేం అడగలేదు, ఉద్యోగం ఇచ్చేసింది.

"చేతులు మోకాళ్ళ మీద, పాదాలు నేల మీద ఉంచాలి. నవ్వకూడదు, కళ్ళెగరేయకూడదు, 'అల్లల్లా' అనకూడదు. ప్రతి పిల్ల దగ్గరా అదే ముఖం, అదే కూర్చోవడం," అని డాక్టరమ్మ నియమాలన్నీ చెప్పింది. "మేం దేనికి మార్కులేస్తామో మీకు చెప్పం. తెలిస్తే మీకు తెలీకుండానే మీ తీరు మారిపోతుంది. మిమ్మల్ని మీరు మనిషి అనుకోకండి. స్కేలు మీద గీత అనుకోండి. గీత జరిగితే కొలతంతా తప్పు."

ఈ మాట ఇంకెవరికైనా చెబితే చిన్నబుచ్చుకునేవారు. ఆయన మాత్రం పొంగిపోయాడు. తాను ఎక్కడ కూర్చున్నాడన్నది ఒకరికి ముఖ్యం కావడం ఆయన బతుకులో అదే మొదలు.

"పిల్లల ముందు ఊరికే కూర్చోవడం కూడా ఉద్యోగమేనా?" అంది భార్య.

"ఊరికే కాదు. కదలకుండా."

"అదయితే మీకు అనుభవం ఉందిలెండి," అని లోపలికెళ్ళి, పక్కింటావిడకు మాత్రం, "మా ఆయన పరిశోధనలో పడ్డారు," అని చెప్పింది.

పేరు ఎవరికీ గుర్తుండదు కాబట్టి అందరూ 'కొత్తాయన' అనేవారు. చేరి మూడేళ్ళయినా కొత్తాయనే. కుర్చీలో అచ్చం గీతలాగే కూర్చునేవాడు. నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించేవాడు.

చెవి మాత్రం ఊపేవాడు.

కావాలని మొదలుపెట్టింది కాదది. చేరిన కొత్తల్లో ఒక చంటివాడు తల్లి బయటికెళ్ళగానే కింది పెదవి వంకర తిప్పాడు. స్టూడియోలో పనిచేసినవాడికి ఆ వంకర బాగా తెలుసు. ఇంకో క్షణంలో కుంభవృష్టి. ఆయన అనుకునే లోపే చెవి ఊగింది. పెదవి వెనక్కి సర్దుకుంది. వాడు కళ్ళు విప్పార్చి చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం ఆయన తనలో తాను పెద్ద పంచాయితీ పెట్టుకున్నాడు. చేతులు కదపొద్దన్నారు, పాదాలు వద్దన్నారు, కళ్ళు, పెదవులు, గొంతు అన్నీ వద్దన్నారు. చెవుల మాట ఎవరూ అనలేదు. తీర్పు ఆయనకు అనుకూలంగానే వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ పెదవి వంకర తిరిగితే అక్కడ చెవి ఊగింది.

అద్దం ఆయన కుడివైపు. గదిని వీడియో తీసే కెమెరా కూడా అటే. ఎడమవైపు ఉన్నది ఉత్త గోడ.

ఇక అద్దం వెనక ఏం జరిగిందో చూడండి. ఏడవబోయిన పిల్ల ఏడుపు మానేసి, మనిషి ముఖాన్ని వదిలేసి, పక్కనున్న ఖాళీ గోడ వైపు తదేకంగా చూస్తోంది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వచ్చేవాళ్ళలో సగానికి సగం ఇదే వరస. తల్లి తిరిగొచ్చినా వెంటనే అటు తిరగడం లేదు.

"గోడలో ఏముంది?" అంది డాక్టరమ్మ.

"ఏమీ లేదు మేడమ్. గోడ ఉంది," అంది లెక్కలావిడ.

డాక్టరమ్మ ఆషామాషీ మనిషి కాదు. గోడ మీద చెమ్మ మరక ఉందేమోనని రంగు వేయించింది. బల్లి ఉందేమోనని మూలమూలా వెతికించింది. అవతలి గదిలోంచి చప్పుడొస్తోందేమోనని తానే గోడకు చెవి ఆనించి అరగంట నిలబడింది. లైటు మార్పించింది. పిల్లలు చూస్తూనే ఉన్నారు. చివరికి కొత్తాయన్ని కూడా పిలిచి, "గోడ వైపు మీరేమైనా గమనించారా?" అని అడిగింది. ఆయన ఏనాడూ గోడ వైపు తల తిప్పి ఎరగడు. "లేదండీ," అన్నాడు. నిజమే చెప్పాడు.

గదిలో ఉన్న ప్రతిదాన్నీ ఆవిడ అనుమానించింది, గీతను తప్ప. గీతను అనుమానించడం ఎవరికి తడుతుంది?

ఆ విధంగా కొలమానంలో ఒక కొత్త అంశం చేరింది. పేరు 'గోడచూపు'. సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు. లెక్కలావిడ మోడల్లో పోసి చూస్తే అది మిగతా అంశాలన్నిటినీ తలదన్నింది. మనుషుల్ని వదిలి శూన్యంలోకి చూసే ఈ పిల్లల సంగతి జాగ్రత్తగా పరీక్షించాలని డాక్టరమ్మ ఒక సదస్సులో మాట్లాడి వచ్చింది. కింది క్లినిక్కువాళ్ళు అది విని, పరిశోధన పూర్తయ్యేదాకా ఆగలేక, తమ దగ్గరికొచ్చిన పిల్లల్ని కూడా ఆ గదిలోకి పంపడం మొదలుపెట్టారు.

కొత్తాయనకు ఇదేదీ తెలియదు. తెలియనివ్వకూడదన్నది నియమం.

ఒకరోజు ఆయన మెట్ల పక్క బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఒక తల్లి, ఆవిడ తల్లి, భుజాన చంటిపిల్లతో వచ్చి పక్కనే కూలబడ్డారు. ఆ తల్లీపిల్లా వారం కిందట ఆ గదిలోకి వచ్చినవాళ్ళే. తల్లి ఆయన్ను చూసి కొంచెం జరగమంది తప్ప గుర్తుపట్టలేదు.

"నిన్నమొన్నటిదాకా లక్షణంగా ఉందిగదే. గోడను చూసి నవ్వడమేంటి?" అంది పెద్దావిడ.

"నాకేం తెలుసమ్మా. నాలుగుకి నాలుగొచ్చాయంట."

"నాలుగుకి నాలుగంటే మంచిదేగా."

"ఇందులో కాదమ్మా. ఇందులో సున్నా రావాలంట."

"ఇదెక్కడి చదువే. మీ నాన్నకి అన్నిట్లో సున్నాలే వచ్చేవి, ఎవరూ మెచ్చుకోలేదు."

కూతురు నవ్వలేదు. "పెద్దాసుపత్రిలో తలకి స్కాను తీయాలంటున్నారు. కదలకుండా ఉండాలని మత్తిస్తారంట. శుక్రవారం రమ్మన్నారు," అంది.

పెద్దావిడ పిల్ల వీపు నిమిరింది. తర్వాత, తోడు దొరుకుతుందేమోనన్నట్టు ఇటు తిరిగి, "మీ మనవడికి ఎన్నొచ్చాయి బాబూ?" అంది.

"ఏ గోడండీ?" అన్నాడు కొత్తాయన.

"పైన గదిలో అంట. ఆ కొత్తాయనెవరో కూర్చుంటాడంట కదా, ఆయనకి ఎడం పక్కన గోడ. అక్కడేం లేదంట. మా పిల్ల దాన్ని చూసి కిలకిలా నవ్విందంట."

టీ ఆయన గొంతులో అడ్డం పడింది. తల్లి భుజం మీంచి చంటిది ఆయన్నే చూస్తోంది. ఆయన ఎడమ చెవి వైపు కళ్ళు పెట్టి, బండి కోసం ఎదురుచూసే ప్రయాణికుడిలా ఓపిగ్గా చూస్తోంది. కాసేపు చూసి, ఏమీ కాకపోయేసరికి, చిట్టి చేత్తో తన చెవిని తానే పట్టుకుని గుంజుకుంది.

ఇంటికెళ్ళి భార్యకు మొత్తం చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విని, మొదట అడిగింది ఇది:

"ఇన్నేళ్ళ కాపురంలో నాకెప్పుడూ ఊపలేదే ఆ చెవి."

"నువ్వెప్పుడు ఏడ్చావ్?"

"మీరు చూడనప్పుడు," అంది ఆవిడ. దుప్పటి కొస ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని దులిపారు.

"చెబితే తీసేస్తారే," అన్నాడు ఆయన.

"తీసేస్తారు."

"మళ్ళీ నాకెవరిస్తారు ఉద్యోగం? ఈ ముఖానికి తగ్గ పని ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అది నాకు దొరికింది."

"దొరికింది సరే. శుక్రవారం ఆ పిల్లకి సూది గుచ్చాక, వెళ్ళి పక్కన కూర్చుని చెవి ఊపండి. నిద్రలో చూస్తుంది." దుప్పటి లాక్కుని మడతపెట్టేసింది. ఆ తర్వాత ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఆయనకు అనిపించింది. కాసేపు దెబ్బలాడుకుంటేనైనా పొద్దు గడిచేది.

మర్నాడు ఉదయం అద్దం వెనక గదిలో డాక్టరమ్మ ముందు నిలబడి, నేలచూపులు చూస్తూ, మొత్తం కక్కేశాడు. లెక్కలావిడ కూడా అక్కడే ఉంది.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. తర్వాత, "ఊపండి," అంది.

ఆయన ఊపబోయాడు. ఊగలేదు. ఊపిరి బిగబట్టాడు. కనుబొమలు లేచాయి, ముక్కుపుటాలు ఎగిరాయి, మెడ నరాలు తేలాయి, చొక్కా కాలరు కూడా కదిలింది. చెవి మాత్రం మేకు కొట్టినట్టు అతుక్కుపోయింది.

"నీళ్ళు తాగుతారా?" అంది లెక్కలావిడ.

"ఊగుతుందండీ. నిజంగా ఊగుతుంది. పెద్దవాళ్ళు చూస్తుంటే దానికి సిగ్గు."

"చూడండి," అంది డాక్టరమ్మ మెత్తగా. ఆ మెత్తదనం తిట్టుకన్నా ఘోరంగా ఉంది. "మీకా పిల్ల మీద జాలి కలిగింది. తప్పు కాదు. కానీ జాలిపడి కొలతలు మార్చలేం. ఒక మనిషి చెవి వల్ల ఇంతమంది పిల్లలు—" అని ఆగిపోయింది. ఆవిడ చూపు ఆయన తలకు ఎడమ పక్కగా గాల్లో నిలిచింది. అక్కడినుంచి మెల్లగా కిటికీ వైపుకీ, అక్కడినుంచి లెక్కలావిడ వైపుకీ వెళ్ళింది.

"ఎడమ వైపు కెమెరా ఎప్పుడైనా పెట్టామా మనం?"

"గోడను ఎవరు వీడియో తీస్తారు మేడమ్?"

డాక్టరమ్మ లేచింది. "ఆ పాపవాళ్ళకి ఫోను చెయ్యండి. ఇంకో కెమెరా తెప్పించండి. ఎడమ వైపు."

మధ్యాహ్నానికి అన్నీ సిద్ధం. పిల్ల చాప మీద, తల్లి పక్క కుర్చీలో, కొత్తాయన తన కుర్చీలో. చేతులు మోకాళ్ళ మీద. రెండో కెమెరా ఆయన చెవినే గురిపెట్టి ఉంది. తుపాకీ పెట్టినా ఆయన అంత బెదిరేవాడు కాదు. తల్లి లేచి బయటికెళ్ళింది. తలుపు మూసుకుంది.

పిల్ల తలుపు వైపు చూసింది. తర్వాత చెవి వైపు చూసింది. చెవి బిగుసుకుపోయి ఉంది. పిల్ల చేతిలోని బొమ్మ కింద పెట్టి, ఇంకొంచెం దగ్గరికి పాకి, మళ్ళీ చూసింది. ఏమీ లేదు. ఆయన లోలోపల చెవిని బతిమాలాడు, బుజ్జగించాడు, ఆఖరికి బూతులు కూడా తిట్టాడు. లాభం లేకపోయింది. కెమెరా ఎర్ర చుక్క మినుకుమినుకుమంటోంది.

అప్పుడు పిల్ల కింది పెదవి వంకర తిరిగింది.

అది చూడగానే ఆయన కెమెరాను మరిచిపోయాడు, డాక్టరమ్మను మరిచిపోయాడు, ఉద్యోగాన్ని కూడా మరిచిపోయాడు. చెవి లేచింది. ఊగింది. ఎన్నడూ ఊగనంతగా ఊగింది. పిల్ల కిలకిలా నవ్వి, చప్పట్లు కొట్టి, తన చెవి తాను గుంజుకుంది.

అద్దం వెనక ఇద్దరూ తెరకు దగ్గరగా జరిగారు. రెండో కెమెరా తెర మీద ఆ చెవి ఒక్కటే పెద్దదిగా, ముఖంతో ఏ సంబంధమూ లేనట్టు, తన మానాన తాను ఊగుతోంది.

"మోడల్ తప్పు చెప్పలేదు మేడమ్," అంది లెక్కలావిడ చివరికి. "చాలా బలమైన ప్రభావమే ఉంది. గోడది మాత్రం కాదు."

డాక్టరమ్మ బయటికొచ్చి తల్లితో, "పాపకేం లేదమ్మా. స్కాను అక్కర్లేదు. నేనే ఫోను చేసి వద్దని చెప్పేస్తాను," అంది. తల్లి పిల్లను గుండెకు హత్తుకుని కళ్ళు తుడుచుకుంది.

"మరి ఆ నాలుగు మార్కులో?" అంది పెద్దావిడ.

"అవి ఆయనవండీ."

పెద్దావిడ కొత్తాయన్ను ఎగాదిగా చూసింది. "పాపం, ఈయనకెవరూ లేరా స్కాను తీయించడానికి?" అంది.

వాళ్ళు వెళ్ళాక ఆయన్ను లోపలికి పిలిచారు. రాజీనామా ఎలా రాయాలో ఆయన దారిలోనే ఆలోచించుకున్నాడు.

"మిమ్మల్ని ఈ క్షణమే తీసెయ్యాలని ఉంది," అంది డాక్టరమ్మ. "సదస్సువాళ్ళకి ఉత్తరం రాయాలి, గోడచూపు అన్నది లేదు, మేం పొరపాటుపడ్డాం అని. కింది క్లినిక్కువాళ్ళు గోడచూపు రాసిన పిల్లలందరి ఇళ్ళకీ ఫోన్లు చేయించాలి. అది సరే. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. మేం కొలిచేది ఏడుపును కాదండీ. ఏడ్చిన పిల్ల తల్లి రాగానే ఏం చేస్తుందన్నది కొలుస్తాం. మీరు ఏడవనివ్వలేదు. తల్లులు తిరిగొచ్చి తలుపు దగ్గర నిలబడితే, పిల్లలు మీ చెవి చూస్తూ కూర్చున్నారు. ఆ తల్లుల ముఖాలు మీరెప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆయన ఎప్పుడూ పెదవులే చూశాడు.

"మన్నించండి మేడమ్. రేపటినుంచి రాను."

"రావాలి," అంది లెక్కలావిడ. కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. "గోడ వైపు చూసిన పిల్లలందర్నీ పక్కన పెట్టేశాను. మిగిలినవాళ్ళతో కొలమానం నిలబడుతుంది. కానీ ఆ మిగిలినవాళ్ళు చూసింది ఈ ముఖాన్నే. ఇప్పుడు ఇంకో ముఖం పెడితే అది వేరే పరీక్ష అయిపోతుంది. మళ్ళీ మొదటికి."

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. తీసెయ్యాలనుకున్న మనిషిని సొంత శాస్త్రమే పట్టుకుని వదలకపోతే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. కాసేపు అటూ ఇటూ నడిచి, "ఉన్ని టోపీ," అంది. "చెవులు రెండూ మూసుకునేది."

"ఎండాకాలం మేడమ్," అన్నాడు ఆయన.

"అవును, ఎండాకాలమే. అయితే టోపీ పెడితే ముఖం మారినట్టు కాదా?"

లెక్కలావిడ ఆయన వంక ఒకసారి, నిజాయితీగా, చూసింది. "మారినా తెలీదు మేడమ్," అంది.

ఆ వారమే నియమాల్లో ఒక వాక్యం చేరింది: కొత్తమనిషి చెవులు పూర్తిగా కప్పుకుని ఉండాలి. కారణం రాయలేదు. రాయడానికి డాక్టరమ్మకు చెయ్యి రాలేదు.

టోపీ పెట్టుకున్న మొదటి రోజు వచ్చినవాడు బొద్దుగా, బుగ్గలతో ఉన్న ఒక పిల్లాడు. తల్లి బయటికెళ్ళింది. వాడు తలుపు చూశాడు, కొత్తాయన్ను చూశాడు. పెదవి వంకర తిరిగింది. టోపీ లోపల చెవి తన పని తాను చేసింది. ఉన్ని మందంగా ఉంది, ఒక్క పోగు కదల్లేదు. వాడు గది ఎగిరిపోయేలా బావురుమన్నాడు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, టోపీలోంచి చెమట కారుతుంటే, ఆ ఏడుపు మొత్తం విన్నాడు. మూడు నిమిషాలు ఇంత పొడుగని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు.

తలుపు తెరుచుకుంది. పిల్లాడు లేచి, రెండడుగులు వేసి పడి, మళ్ళీ లేచి, తల్లి చీర కుచ్చిళ్ళలోకి తలతో సహా దూరిపోయాడు. ఆవిడ ఎత్తుకుంది. వాడు మెడ చుట్టూ చేతులేసి, వెక్కి, వెక్కి, నెమ్మదించి, ఆఖరికి భుజం మీంచి ఒక బొమ్మ వైపు వేలు చూపించాడు. ఇదంతా కొత్తాయన మొదటిసారి చూస్తున్నాడు.

తల్లి ఆయన వైపు తిరిగింది.

"అంత ఏడుస్తుంటే రాయిలా కూర్చున్నారే. ఒక్క నవ్వు నవ్వితే మీ సొమ్మేం పోయేది? పైగా ఈ ఎండలో ఆ టోపీ ఒకటి. పిల్లలు జడుసుకోరూ?"

పరీక్ష అయిందని గంట మోగేదాకా కొత్తమనిషి మాట్లాడకూడదు. ఆయన మాట్లాడలేదు. తిట్లన్నీ అయ్యాక గంట మోగింది. వాళ్ళు వెళ్ళారు. ఆయన టోపీ తీసి పిండి, జేబురుమాలుతో తల తుడుచుకుంటుండగా, లెక్కలావిడ తలుపు సందులోంచి తల పెట్టింది.

"బాగా వచ్చిందండీ. ఇంకొకరున్నారు, పంపించమంటారా?"

"ఒక్క నిమిషం," అన్నాడు ఆయన. టోపీ మళ్ళీ తలకు తగిలించి, ఎడమ వైపు రెండుసార్లు గట్టిగా కిందికి లాక్కుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.